అప్పలమ్మ కలలో తూముకాపరి పిల్ల

సుధాకరరావు గారి టిష్యూ పొట్లం చింపి అప్పలమ్మ ముక్కు చీదుకున్న రోజు నేను పక్కనే ఉన్నాను. అందుకని ఈ సంగతిని ఎవరు ఎలా మార్చి చెప్పినా నేను ఒప్పుకోను.

సింగపూరు హౌగాంగ్‌లో మా బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీ జాగాలో ఒక గుండ్రటి రాతి బల్ల ఉంది. దాని మీద చదరంగం గడులు చెక్కి ఉంటాయి. ఆ గడుల మీద ఒక్కడు చదరంగం ఆడగా నేను చూడలేదు. శనివారం సాయంత్రం ఆ బల్ల మాది. మాది అంటే, ఈ చుట్టుపక్కల బ్లాకుల్లో ఉండే తెలుగు ముసలమ్మలది. అప్పలమ్మ కథ చెబుతుంది, మేము వింటాము. మా కోడళ్ళు వాళ్ళ పిల్లలకి పేర్లు పెట్టకముందు నుంచీ జరుగుతున్న పని ఇది.

కొత్తగా పై అంతస్తులో దిగిన సుధాకరరావు గారికి ఆ సంగతి తెలియదు. బ్యాంకులో పెద్ద కుర్చీలో కూర్చుని లేచిన మనిషి. ఆ రోజు తన స్నేహితులతో పేకాటకని బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి, టీ తెచ్చుకోవడానికి వెళ్ళాడు. ఈ దేశంలో అదొక చట్టం. హాకర్ సెంటర్లో, అంటే తిండి అంగళ్ళన్నీ ఒకచోట ఉండే జాగాలో, కుర్చీ మీద టిష్యూ పొట్లం పడేసి పోతే ఆ కుర్చీని ఇంకెవరూ ముట్టుకోరు. చోప్ చేశారు అంటారు. వెయ్యి డాలర్లు పెట్టి కొన్న ఫోను పోయినా దొరుకుతుందో లేదో గానీ, చోప్ చేసిన కుర్చీ మాత్రం ఎక్కడికీ పోదు.

ఆయన టీ గ్లాసుతో తిరిగి వచ్చేసరికి మేమందరం బల్ల చుట్టూ ఉన్నాం. అప్పలమ్మ మధ్యలో ఉంది.

"అమ్మా, ఇది నేను చోప్ చేసుకున్న బల్లండి," అన్నాడు మర్యాదగానే.

అప్పలమ్మ ఆ పొట్లం అందుకుంది. చింపింది. ఒక కాగితం లాగి గట్టిగా ముక్కు చీదింది. మిగతా పొట్లం నా ఒళ్ళో పడేసింది.

"జలుబు సేసినాది బాబూ. ఎవలో పున్నెం కట్టుకుని ఎట్టీసి ఎల్నారనుకున్నాను. నువ్వేనేటి. సల్లగుండు."

"అది వాడుకోవడానికి పెట్టింది కాదమ్మా. గుర్తుకి పెట్టింది."

"ముక్కు తుడుసుకునే కాయితం ముక్కుకి పనికిరాకపోతే ఇంక దేనికి బాబూ. మీ బేంకిలోనూ ఇంతేనేటి? జనం దాసుకున్నది అడిగితే, అది వాడుకోడానిక్కాదు, గుర్తుకి అంటావేటి?"

మా వాళ్ళు నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరు ముందు వస్తే బల్ల వాళ్ళది. అది రూలు కదమ్మా."

"మరైతే ముందొచ్చింది నువ్వూ కాదు, నానూ కాదు. వడివు."

"వడివు ఎవరండి?"

ఆ మాట అనకపోతే ఆయన బాగుపడేవాడు. అనేశాడు. అప్పలమ్మ కొంచెం జరిగి తన పక్కన రాతి పీట మీద అరచేత్తో కొట్టింది. "కూకో, సెప్తాను."

ఆయన కూర్చున్నాడు. పేకాట వాళ్ళు వచ్చి పిలిస్తే, ఉండండి అన్నట్టు చెయ్యి ఊపాడు. టీ అలాగే చల్లారిపోయింది. తరువాతి శనివారం మా అందరికంటే ముందు దిగి రెండు పొట్లాలు పెట్టాడు. ఒకటి బల్లకి, ఒకటి అప్పలమ్మ ముక్కుకి. పోట్లాడి గెలవడం అంటే అదీ. అరిచి గెలిచేవాళ్ళని చాలామందిని చూశాను. ఓడినవాడు మళ్ళీ శనివారం కోసం ఎదురుచూసేలా గెలిచినదాన్ని ఒక్క అప్పలమ్మనే చూశాను.

అలాంటి మనిషి నోరు ఒక మాత్ర పెట్టి మూయించారు. నా కోపం దాని గురించి. అయితే వడివు ఎవరో తెలియకపోతే నా కోపం మీకు ఎక్కదు. కాబట్టి ముందు ఆ సంగతి.

అప్పలమ్మ మలయాలో ఒక రబ్బరు తోటలో పుట్టింది. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. తోటలో బడి అంటూ ఒకటి ఉండేది, అందులో చెప్పేది అరవం ఒక్కటే. తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగులో తిట్లు తిని, బడిలో అరవంలో తన్నులు తినేవారు. ఇది ఎవరికీ తప్పనిపించలేదు. అప్పలమ్మకి ఈ రోజుకీ తన పేరు తెలుగులో రాయడం రాదు. అరవంలో మాత్రం ఎంత చిన్న అక్షరమైనా గడగడా చదివేస్తుంది. నేను మా ఊళ్ళో మూడో తరగతి దాకా వెళ్ళినదాన్ని, తెలుగు కూడబలుక్కుని చదువుతాను. మా ఇద్దరిని కలిపితే ఒక చదువుకున్న మనిషి అవుతాం అని పెద్దయ్య బావ ఎగతాళి చేసేవాడు.

పెద్దయ్య బావ అంటే అప్పలమ్మ మొగుడు. ఇక్కడి ఓడరేవులో మూటలు మోసేవాడు. నేను అప్పలమ్మని అప్పా అని పిలుస్తాను, మా వైపు అక్కని అలాగే అంటాం, అందుకని ఆయన నాకు బావ. పెళ్ళయిన కొత్తలో ఏం కావాలే అని ఆయన అడిగితే, చీర కాదు, ముక్కుపుడక కాదు, సెరంగూన్ రోడ్డు కొట్లో అద్దం వెనక కనబడిన అరవం పుస్తకం కావాలందట. మూడు భాగాలు, ఒక్కోటి ఇటుకంత. బావకి చదువు రాదు. అందుకని ఆయన అన్నం తింటూ ఉంటే ఆమె పక్కన కూర్చుని, పుస్తకం అరవంలో చూసుకుంటూ నోటితో తెలుగులో చెప్పేది. యుద్ధం వచ్చిన చోట ఆయన ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయేవాడట. కూర చల్లారిపోయిందని ఆమె తిట్టేది, నువ్వే కదే ఆపకుండా చెబుతున్నావు అని ఆయన తిట్టేవాడు. శనివారం కథలకి మొదలు అది.

కథ పాండ్య రాజుల కాలం నాటిది. ఒక పెద్ద చెరువు. ఆ చెరువుకి తూము, తూముకి ఒక కాపరి, ఆ కాపరి కూతురు వడివు. రాజ్యం కోసం అన్నదమ్ములు కొట్టుకుంటారు. తమ్ముడి సైన్యం చెరువు కింద పొలాల్లో దిగి ఉందని తెలిసి, అన్న, తూము ఎత్తి వాళ్ళని నీళ్ళలో ముంచెయ్యమని హుకుం పంపుతాడు. కాపరి భయపడి తాడు పట్టుకుంటాడు. వడివు కొడవలి తెచ్చి ఆ తాడు నరికేస్తుంది. తాడు లేనిదే తూము లేవదు. ఆ పిల్ల వెయ్యిమందిని అలా బతికిస్తుంది. చివరికి తమ్ముడు రాజవుతాడు, వచ్చి నా పక్కన కూర్చో అంటాడు. మరి చెరువుని ఎవరు చూస్తారు అని అడిగి, ఆ పిల్ల గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. మూడో భాగం అక్కడితో సరి.

అప్పలమ్మకి ఆ రాసినాయన మీద ఉన్న కోపం ఇంతా అంతా కాదు. "ఒంటిగా ఒక ఆడగుంట గట్టు మీద ఎల్లిపోతంటే, ఎక్కడికెల్నాది, ఏటి తిన్నాది, ఎవల్ని సేసుకున్నాది అని సెప్పొద్దా? కలం మూసీసి తొంగున్నాడు."

ఆయన చెప్పకపోతేనేం, వడివే వచ్చి చెప్పడం మొదలుపెట్టింది. కలలో.

నేను కూడా కలలు కంటాను. నా కలలో గ్యాసు కట్టలేదని గుర్తొస్తుంది, లేచి చూస్తే కట్టే ఉంటుంది. అప్పలమ్మ కలలు అలాంటివి కావు. అక్కడ మట్టి వాసన వస్తుంది, కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంటుంది, లేచాక ఆ చోట నొప్పి కూడా ఉంటుంది. వడివు వయసు పెరిగింది. కుమ్మరివాణ్ణి చేసుకుంది. వాడు కుండలు వేసుకుని ఊళ్ళు తిరుగుతాడు, మంచివాడే, కాస్త బద్ధకం. తండ్రి పోయాడు. తూముకి కొత్త తాడు పేనింది. ఇవన్నీ పుస్తకంలో లేవు, అప్పలమ్మ కన్నది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆ మనిషి మమ్మల్ని ఒక్కసారి కూడా మోసం చెయ్యలేదు. పుస్తకంలో ఉన్నది చెబుతున్నంతసేపూ కళ్ళజోడు పెట్టుకునేది, ఎదురుగా పుస్తకం లేకపోయినా సరే. కలలో వచ్చింది చెప్పేముందు కళ్ళజోడు తీసి చీర చెంగున ముడి వేసుకునేది. అప్పుడు మాకు తెలిసిపోయేది, ఇది కల అని. అదీ తెల్లవారుజామున వచ్చిన కల మాత్రమే. మధ్యాహ్నం కునుకులో వడివు కనబడినా చెప్పేది కాదు. పగటి కల చెల్లదు అనేది. ఒకసారి పగలు కనబడిన ముక్క ఏదో నాకు తెలిసి, చెప్పమని ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. "అది మజ్జిగ కలిపిన అన్నం తిని తొంగుంటే వచ్చినాది. అది వడివు కాదు, మజ్జిగ."

ఇంత నేమం ఉన్న మనిషి అది. గుర్తుపెట్టుకోండి.

పోయిన ఏడాది వానలు మొదలయ్యే ముందు ఒక శనివారం అప్పలమ్మ కళ్ళజోడు తీసి ముడి వేసుకుని, వడివుకి ఏడో నెల అని చెప్పింది. మేమందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తల్లి లేని పిల్ల. అత్తగారు లేదు. మొగుడు కుండలమ్ముకోవడానికి పోయాడు. సీమంతం ఎవరు చేస్తారు?

మేమే చేశాం. నేను బియ్యం నానబోసి దంచి చలిమిడి చేశాను. ఒకామె సెరంగూన్ రోడ్డుకి వెళ్ళి ఆకుపచ్చ గాజులు తెచ్చింది. సుధాకరరావు గారు మల్లెపూల దండ తెచ్చాడు, మగవాళ్ళు ఉండకూడదని తెలిసి బల్ల మీద పెట్టి స్తంభం అవతలకి వెళ్ళి నిలబడ్డాడు. పీట మీద ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. వడివు ఎవరి కలలో ఉందో ఆమే కూర్చోవాలి అన్నాం. అప్పలమ్మ కూర్చుంది. చేతికి గాజులు తొడిగి, ఒళ్ళో చలిమిడి పెట్టి, పాట పాడాం. ఇది పిచ్చిపని అని మీరు అనుకుంటే అనుకోండి. నా చలిమిడి బాగా కుదిరింది.

సరిగ్గా అప్పుడే అప్పలమ్మ కోడలు కల్పన ఆఫీసు నుంచి వచ్చింది. భర్త పోయి ఇన్నేళ్ళు బోసి చేతులతో ఉన్న అత్తగారి చేతికి మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు. తలలో మల్లెపూలు. చుట్టూ ముసలమ్మలు.

"అత్తయ్యా, ఏంటిది? ఎవరికి ఫంక్షన్?"

"వడివుకి."

"వడివు ఎవరు? కొత్తగా వచ్చిన టెనెంటా?"

"పుస్తకంలో గుంట," అంది అప్పలమ్మ, చాలా మామూలుగా.

కల్పన నా వైపు తిరిగింది. "ఆంటీ, మీరైనా చెప్పొద్దా?"

"ఏం చెప్పాలమ్మాయ్? చలిమిడి తీసుకో. ఏడో నెల చలిమిడి, వద్దనకూడదు."

రెండు వేళ్ళతో తీసుకుంది. తిన్నదో పారేసిందో తెలియదు. లిఫ్టులోకి వెళ్తూ మొగుడు బాలుకి ఫోను చెయ్యడం మాత్రం చూశాను. మీ అమ్మకి ఏదో అవుతోంది అంటోంది.

రెండు నెలలు తిరిగేసరికి వాన ముదిరింది. ఇక్కడా, అక్కడా. కలలో చెరువు నిండి గట్టు తెగేలా ఉంది. గట్టు నిలవాలంటే తూము ఎత్తాలి. వడివుకి నెలలు నిండాయి. ఆ కడుపుతో నీళ్ళల్లో నిలబడి తాడు లాగుతోంది. అప్పలమ్మ ఊరుకుంటుందా? వెనక నిలబడి తనూ తాడు పట్టుకుంది. పట్టుకుని లాగింది. ఆమె గదిలోనే పడుకునే మనవరాలు మహతి కెవ్వుమంది. అప్పలమ్మ చేతిలో ఉన్నది తాడు కాదు, మహతి జడ. పిల్ల విదిలించుకునేసరికి అప్పలమ్మ మంచం మీద నుంచి కింద పడింది. మణికట్టు విరిగింది.

పొద్దున్న నేను వెళ్ళేసరికి మహతి సోఫాలో కూర్చుని నెత్తి రుద్దుకుంటోంది. "నాన్నమ్మ పుల్డ్ మై హెయిర్ లా. లైక్ టగ్ ఆఫ్ వార్," అంది నాతో, ఇక్కడి పిల్లలందరిలాగే మాట చివర లా తగిలించి. ఏడుస్తూ కాదు, నవ్వుతూనే చెప్పింది. ఆ ఇంట్లో ఆ రోజు నవ్వింది ఆ పిల్ల ఒక్కతే.

ఆసుపత్రిలో మణికట్టుకి కట్టు కట్టారు. గాజుల సంగతి, జడ సంగతి, రాత్రుళ్ళు నిద్రలో అరిచే సంగతి కల్పన డాక్టరుకి వరసగా చెప్పింది. నిద్రలో మనిషి ఒళ్ళు కట్టేసినట్టు ఉండాలట. ఈమెకి ఆ కట్టు ఊడిపోయిందట. దానికి ఒక పేరుంది, నాకు నోరు తిరగదు. రాత్రి పడుకునేముందు మాత్ర ఒకటి. చిన్నది, తెల్లది, చంటిపిల్ల గోరంత.

ఆ గోరంత మాత్ర కలలని తుడిచేసింది.

మొదటి శనివారం అప్పలమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకునే ఉంది. మొదటి భాగంలోంచి, తాడు నరికిన చోటు చెప్పింది. మేము విన్నాం. అందరి చూపూ ఆ కళ్ళజోడు మీదే ఉంది, ఎప్పుడు తీస్తుందా అని. తియ్యలేదు. రెండో శనివారం కూడా తియ్యలేదు. మూడో శనివారం సుధాకరరావు గారు ఆగలేకపోయాడు.

"వడివు నీళ్ళలో ఉంది కదమ్మా. తరవాత?"

"కల రాలేదు బాబూ."

"కథే కదమ్మా. మీరు తలుచుకుంటే చెప్పలేరా? ఎలాగూ పుస్తకంలో లేదు. ఏదో ఒకటి చెప్పండి, పాపో బాబో పుట్టారని. మేమందరం సంతోషిస్తాం."

మంచికే అన్నాడు. మాలో సగం మంది తలాడించారు కూడా. అప్పలమ్మ ఆయన వైపు చూసిన చూపు నేను చూశాను. టిష్యూ పొట్లం రోజున కూడా ఆ చూపు లేదు.

"ఏదో ఒకటేటి? నీ కూతురు ఆసుపత్రిలో ఉందనుకో. నువ్వు ఫోను సేసి ఏటయినాది అని అడుగుతావు. అవతలోడు ఏదో ఒకటి సెప్పనా అంటాడు. ఊరుకుంటావేటి?"

ఆయన టిష్యూ పొట్లాన్ని బల్ల మీద అటూ ఇటూ జరిపాడు.

"నాను సూసింది సెప్తాను. సూడనిది సెప్పను. సూడనిది సెప్పినానంటే ఇన్నాళ్ళూ సెప్పిందంతా ఏటవుతాది?"

లేచి లిఫ్టు వైపు వెళ్ళిపోయింది. ఆ తరవాత శనివారం దిగలేదు. ఆ పై వారమూ దిగలేదు. సుధాకరరావు గారు మాత్రం పొట్లం పెట్టి కూర్చునేవాడు. ఎవరికోసం పెడుతున్నావయ్యా అని నేను కసిరితే, చోప్ చేసి ఉంచానండి అనేవాడు. ఆయన మీదా నాకు కోపం వచ్చింది. ఆ వారాల్లో నాకు కోపం రానిది ఒక్కటీ లేదు. మా లిఫ్టు తలుపు నెమ్మదిగా మూసుకుంటే దాని మీద కూడా వచ్చింది.

చివరికి బాలుని పట్టుకున్నాను. నా చేతిలో పెరిగినవాడు. ఆఫీసు నుంచి వస్తూ ఉంటే బస్టాపులోనే ఆపాను.

"ఒరే బాలూ, మీ అమ్మకి ఆ మాత్ర ఆపించు."

"ఆంటీ, అమ్మ మంచం మీద నుంచి పడింది."

"మంచం తీసెయ్యి. కింద పడుకోబెట్టు."

"ఆ గదిలో చోటెక్కడుంది ఆంటీ? మహతి మంచం, టేబులు, మధ్యలో ఒక్క మనిషి నడిచే సందు. హాల్లో వేద్దామంటే అమ్మ అరుపులకి అందరికీ తెలివొచ్చేస్తుంది. పిల్లకి పరీక్షలు."

"ఏడాది కాకపోతే రెండేళ్ళు పరీక్షలు. మీ అమ్మకి ఉన్నవి ఎన్నేళ్ళు?"

వాడు సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "మణికట్టుతో పోయింది ఆంటీ. రేపు తుంటి విరిగితే? ఈ వయసులో తుంటి విరిగితే మళ్ళీ లేస్తారా? మీరే చెప్పండి. ఆ మాత్ర మొదలెట్టినప్పటి నుంచి ఇంట్లో అందరం నిద్రపోతున్నాం."

వాడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే నాకు మండింది. అబద్ధమైతే ఒక్క మాటతో కడిగేసేదాన్ని. కొడుకు తల్లి తుంటి గురించి భయపడుతూ ఉంటే ఏమని తిడతాను? అందరం నిద్రపోతున్నాం అన్నాడు. నిజమే. అందరూ నిద్రపోతున్నారు. నీళ్ళల్లో నెలలు నిండిన పిల్లని నిలబెట్టి, దాని వెనక తాడు పట్టుకున్న ముసలిదాని చేతులు కట్టేసి, అందరూ హాయిగా నిద్రపోతున్నారు. ఆ మాట వాడితో అనలేదు. అంటే నన్ను కూడా డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు.

మాత్ర దాచెయ్యవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అదీ ఆలోచించాం. కల్పన నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి మింగిస్తుంది. మింగాక నోరు తెరిచి చూపించమంటుంది. అత్తగారి చేత నోరు తెరిపించే కోడల్ని నేను ఈమెనే చూశాను. పోనీ చెడ్డదా అంటే, కట్టు కట్టినన్నాళ్ళూ అత్తగారికి తల దువ్వింది, ముద్దలు కలిపి పెట్టింది. చెడ్డది అయితే నాకు ఎంత సుఖంగా ఉండేదో.

ఒకరోజు మెట్ల దగ్గర మహతి ఎదురైంది. బడి సంచి మోస్తూ నిలబడి, "సీతమ్మమ్మా, నాన్నమ్మ సో క్వయట్ నౌ. ఐ డోంట్ లైక్," అంది.

"నీ జడ లాగడం లేదు కదే, ఇంకేం?"

"షి కెన్ పుల్ లా. ఐ టై అప్," అని జడని నెత్తి మీద ముడి వేసి చూపించింది. ఆ ఇంట్లో తెలివైనది ఆ పిల్లే. తెలుగు రాకపోవడం ఒక్కటే లోటు.

ఇదంతా అయ్యాక, మొన్న మంగళవారం మధ్యాహ్నం మా ఇంటి ఇనుప తలుపు మీద చప్పుడైంది. చూస్తే అప్పలమ్మ. చంకలో తలగడ ఉంది. చేతి కట్టు విప్పేశారు, మణికట్టు సన్నగా, తెల్లగా, ఎవరిదో చెయ్యి తెచ్చి అతికించినట్టు ఉంది. బాలూ కల్పనా ఆఫీసుల్లో ఉన్నారు, మహతి బడిలో ఉంది. ఎవరికీ చెప్పకుండా లిఫ్టులో దిగి వచ్చింది.

"ఒలే సీతా, తలుపు తియ్. ఎవలైనా సూస్తే ఇల్లొగ్గి వచ్చీసినాననుకుంటారు."

తీశాను. లోపలికి వచ్చి ముందు హాలంతా కలియజూసింది. గాజు బల్ల వైపు చూసి, "దీన్ని ఆ గదిలోకి తొయ్," అంది. తోశాను. "కుర్చీలు కూడా." కుర్చీలు కూడా జరిపాను. మామూలుగా అయితే నా ఇంట్లో నాకు పని చెప్పేవాళ్ళని నేను గుమ్మం దాటి రానివ్వను.

"ఏమిటప్పా ఇదంతా?"

"సాప ఉందేటి?"

ఉంది. పరిచాను. ఆమె గోడకి దూరంగా, నేల మధ్యలో సరిగ్గా పడేలా దాన్ని కాలితో జరుపుకుని, తలగడ వేసింది.

"నేల మీదున్నదాన్ని ఇంకెక్కడికి పడతాను," అంది. "మాత్ర రాతిరి మింగినాను. ఈ యేలకి దాని బలం తగ్గుతాది. పొద్దుట నుంచీ కళ్ళు బరువుగా ఉన్నాయి, ఆపుకుని ఉన్నాను."

అప్పుడు నాకు అర్థమైంది. అర్థమై ఒళ్ళు మండింది కూడా. ఇన్నేళ్ళు మమ్మల్ని తెల్లవారుజాము, తెల్లవారుజాము అని చంపిన మనిషి.

"పగటి కల చెల్లదన్నావు కదప్పా. మజ్జిగ అన్నావు. నేను బతిమాలితే చెప్పలేదు."

ఆమె తలగడ సర్దుకుంది. నేల మీద కూర్చుంది. మోకాళ్ళు టకటకమన్నాయి. ఆమె తల వంచగా చూడడం అదే మొదటిసారి.

"నీళ్ళల్లో నిలబడ్డదానికి పగలేటి, రాతిరేటి? రోజులు నిండిపోయి ఎన్నాళ్ళయినాదో తెలీదు. నానొస్తానని తాడొగ్గకుండా ఉంటాది అది. నాకు తెల్సు దాని సంగతి. నా నేమం కోసం దాన్ని సంపుకోమంటావేటి?"

నేను వెళ్ళి తలుపు గొళ్ళెం వేసి వచ్చాను.

"ఇనుకో మరి," అంది. కళ్ళజోడు తీసింది. చీర చెంగున ముడి వేసుకోలేదు. నా చేతిలో పెట్టి నా వేళ్ళు మూసింది. "నువ్వు ఆ గోడకి ఆనుకుని కూకో. దగ్గరికి రాకు, కాలు తగుల్తాది. ఫోను మోగనీకు. మాత్ర వల్ల లెగిసేసరికి నాకు గురుతుండకపోవచ్చు. నిద్దట్లో నా నోట్లోంచి ఏటొస్తే అది వచ్చినట్టు గురుతెట్టుకో. శనివారం బల్ల కాడ నువ్వే సెప్పాలి. ఒక్క ముక్క నీది కలపకు, సీతా. నీ నోరు నాకు తెల్సు."

"కలపను."

పడుకుని పక్కకి తిరిగింది. బాగున్న చెయ్యి ముందుకు చాచి, ఏదో పట్టుకోబోతున్నట్టు వేళ్ళు తెరిచి ఉంచింది. కళ్ళు మూసుకున్నాక మళ్ళీ మాట్లాడింది.

"తన్నుకున్నా, అరిసినా భయపడి లేపీకు. పసిబిడ్డ ఏడుపు నా నోట్లోంచి వచ్చేదాకా లేపకు."